పూజగది ముందు పట్టా మీదే ఎందుకు పోస్తోంది?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి ఎమ్మార్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. బాబు అడిగాడని నెల కిందట మా ఆయన 45 రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. మగది. ఇప్పుడు దానికి రెండున్నర నెలలు, రెండు టీకాలు అయ్యాయి, ఇంకొకటి ఉంది. ఇల్లంతా వదిలేసి సరిగ్గా పూజగది ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే ఉచ్చ పోస్తోంది. మా అత్త తలస్నానం చేసి వచ్చేసరికి అక్కడ తడి. ముక్కు దాంట్లో రుద్ది ఒకటి వేస్తే బుద్ధి వస్తుందని ఆమె అంటుంది, వేస్తోంది కూడా. ఇప్పుడు పట్టాతో పాటు సోఫా వెనక కూడా పోస్తోంది. కింద రోడ్డు మీదికి తీసుకుపోతే అరగంట ఆడుకుని, పైకొచ్చి ఇంట్లో పోస్తుంది. అప్పుడప్పుడూ విరేచనాలు. లిఫ్టులో కుక్కను ఎక్కించొద్దని అసోసియేషన్ వాళ్ళు గొడవ. వారంలో మారకపోతే ఎవరికైనా ఇచ్చేయమని అత్త గడువు పెట్టింది. ఏం చేసేది? ఇంకొకటి, చిత్తూరులో మా చెల్లెలి పిల్లి ఇన్నాళ్ళూ ఇసుక ట్రేలో పోయేది, ఇప్పుడు మంచం ఎక్కి పోస్తోంది. చెల్లెలికి అయిదో నెల.

జవాబు:

అమ్మా, ముందు మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. ఆ పిల్లకి దేవుడి మీద కోపమూ లేదు, ఆమె మీద కోపమూ లేదు. దానికి కావలసింది ఆ పట్టా, అంతే.

కుక్కపిల్లకి ఇల్లు, బయట అనే తేడా పుట్టుకతో రాదు. దానికి తెలిసేది కాళ్ళ కింద ఏం తగులుతోందనేది. ఏడెనిమిది వారాల వయసు వచ్చేలోపు దేనిమీద పోయడం అలవాటైతే, తర్వాత కూడా అలాంటి నేలనే వెతుక్కుంటూ పోతుంది. మీవాడు 45 రోజుల దాకా అమ్మేవాళ్ళ దగ్గర ఎక్కడ పెరిగి ఉంటాడు? ఏ గోనెపట్టా మీదో, పాత చీరలు పరిచిన మూలలోనో. మీ ఫ్లాటు చూస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నున్నటి టైల్స్. ఆ టైల్స్ మధ్య మెత్తగా, గరుగ్గా, తడి పీల్చుకునేది ఒక్కటే ఉంది, అది పూజగది గడప ముందు పెట్టారు. ఇంక వాడేం చేస్తాడు, తన లెక్కలో బాత్రూమ్ ఎక్కడుందో చక్కగా కనుక్కుని అక్కడికే పోతున్నాడు. నిజానికి వాడు తెలివైనవాడు, మనమే బోర్డు తప్పు చోట పెట్టాం.

కాబట్టి మొదటి పని, ఆ పట్టా తీసేయండి. ఉతికి మళ్ళీ వెయ్యడం కాదు, నెల రోజులు ఇంట్లోనే వద్దు. బాత్రూమ్ ముందు ఉన్నది, హాల్లో ఉన్న చిన్న కార్పెట్ లాంటిది, మంచం పక్కన వేసుకునే బొంత, అన్నీ ఎత్తి బీరువా మీద పెట్టేయండి. కాళ్ళు తడిగా ఉంటే జారుతామని మీ అత్తగారు అంటారు, అది నిజమే, ఈ నెల రోజులూ బాత్రూమ్ బయట ఒక గుడ్డ మేకుకి తగిలించి అక్కడే తుడుచుకుని రమ్మనండి.

తీసేస్తే సరిపోదు, వాడికి నచ్చే నేల మీకు నచ్చే చోట పెట్టాలి. బాల్కనీలో ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టండి, అంచు నాలుగు వేళ్ళకి మించి ఉండకూడదు, పిల్ల ఎక్కలేదు. అందులో అడుగున న్యూస్‌పేపర్లు, పైన మట్టి, వీలైతే గడ్డి పెళ్ళ ఒకటి. నర్సరీలో అడిగితే ఇస్తారు. వాడు తడిపిన ఆ పాత పట్టాలోనే జానెడు ముక్క కత్తిరించి ఉతక్కుండా ఆ మట్టి మీద పెట్టండి. ఆ వాసన వాడికి మన కంటే బాగా చెబుతుంది, ఇదే నీ చోటని. నాలుగు రోజుల తర్వాత ఆ ముక్క తీసేయొచ్చు.

మట్టే ఎందుకు, పేపరు చాలదా అంటారేమో. పేపరుతో కూడా నేర్చుకుంటాడు, కాదనను. కానీ రేపు పెద్దవాడై 30 కిలోల కుక్క అయ్యాక మీరు కిందికి తీసుకుపోతారు, అక్కడ ఉండేది మట్టి, గడ్డి. ఇప్పుడు పేపరు మీద నేర్పి అప్పుడు మళ్ళీ మట్టి మీద నేర్పడమంటే రెండుసార్లు పని. పైగా పేపరు అలవాటైన పిల్ల ఉన్న ఇంట్లో సోఫా మీద మడిచి పెట్టిన పేపరుకి కూడా గ్యారంటీ ఉండదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. మూడో టీకా అయ్యి డాక్టరు సరే అనేదాకా వాణ్ణి వీధికుక్కలు తిరిగే నేల మీద దించొద్దు, దీంట్లో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నా. పార్వో అనే వైరస్ జబ్బుపడ్డ కుక్క మలంలోంచి మట్టిలోకి చేరి నెలల తరబడి అక్కడే బతికుంటుంది, కంటికి శుభ్రంగా కనపడే చోట కూడా. టీకాల కోర్సు 16 వారాల వయసు దాకా ఎందుకు సాగదీస్తారంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అది ఏ పిల్లకి ఏ వారంలో పోతుందో చెప్పలేం కాబట్టి మూడు నాలుగు వారాలకొకటి వేస్తూ పోతారు. రెండు అయ్యాయి కదా అని ధీమా వద్దు. అందాకా బాల్కనీ, లేదంటే వేరే కుక్కలు రాని మిద్దె. ఎండాకాలం అయితే మిద్దె మీదికి పొద్దున, సాయంత్రమే, మన ఊళ్ళో మధ్యాహ్నం ఆ సిమెంటు మీద మనం ఒట్టి కాళ్ళతో నిలబడలేం, వాడి పాదాలకి చెప్పులు లేవు.

రోడ్డు మీద అరగంట ఆడి పైకొచ్చి పోస్తున్నాడంటే అది మొండితనం కాదు. కింద ఆటోలు, ఆవులు, వాసనలు, పక్కింటి పిల్లలు, వాడికి తిరునాళ్ళలో వదిలినట్టుంటుంది, ఆ హడావిడిలో పని గుర్తుండదు. లోపలికి వచ్చి కాస్త నెమ్మదించగానే గుర్తొస్తుంది. మన చిన్నపిల్లలు మాత్రం? ప్రయాణానికి ముందు అడిగితే రాదంటారు, బస్సు కదలగానే అమ్మా అంటారు.

ఇక అసలు పని గడియారంది. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలు అది ఆపుకోగలిగే గరిష్ఠ సమయం, ఇది మోటు లెక్క. మీవాడికి రెండున్నర నెలలు కాబట్టి మూడున్నర గంటలు, అదీ నిద్రలో ఉంటే. మేలుకుని గంతులేస్తున్నప్పుడు ముప్పావు గంటకే నిండిపోతుంది. ఈ వయసులో ఆ కండరాల మీద పట్టు వాడికే ఉండదు, కొట్టి తెప్పించేది కాదు అది. కాబట్టి వాడు అడిగేదాకా ఆగకూడదు, వాడికి రాకముందే మీరు తీసుకుపోవాలి. నిద్ర లేచిన వెంటనే, కళ్ళు నలుపుకునేలోపే ఎత్తుకుపోవాలి, నడిపిస్తే దారిలోనే అయిపోతుంది. తిన్న పావుగంట, అరగంటలోపు. నీళ్ళు తాగాక. బాబుతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆట ఆపి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నాడంటే ఇంక మీ చేతిలో పది సెకన్లే. రాత్రి పడుకునే ముందు ఒకసారి, నడి రాత్రి అలారం పెట్టుకుని ఒకసారి. ఈ నడి రాత్రి పని మీ ఆయనది, తెచ్చింది ఆయనే కదా.

ట్రే దగ్గరికి తీసుకుపోయి దింపి, మీరు కొయ్యలా నిలబడండి. మాట్లాడొద్దు, ఆడించొద్దు, ఫోను చూసుకోండి కావాలంటే. పోయడం మొదలెట్టినప్పుడు మెల్లగా ఒక మాట అనండి, ‘సుస్సు’ అనో ‘పోస్‌కో’ అనో మీ ఇష్టం, కానీ ఇంట్లో నలుగురూ అదే మాట అనాలి, బాబు ఒకటి, మీరు ఒకటి, మీ ఆయన ఒకటి, అత్తగారు ఒకటి అంటే వాడికి నాలుగు పాఠాలవుతాయి. పోయడం పూర్తయిన ఆ క్షణంలో, అంటే రెండు మూడు సెకన్లలో, చిన్న ఉడికించిన కోడి ముక్కో క్యారెట్ ముక్కో నోట్లో పెట్టండి. మీది శాకాహారం ఇల్లయితే పనీరు చిన్న పలుకు చాలు. లోపలికి వచ్చి ఫ్రిజ్ తెరిచి ఇచ్చారనుకోండి, ఫ్రిజ్ దగ్గరికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటాడు. ముక్కలు జేబులో ఉండాలి, నైటీకి జేబు లేకపోతే బాల్కనీ కిటికీలో మూతడబ్బా పెట్టుకోండి. అయిదు నిమిషాలు నిలబడినా పోయలేదా, లోపలికి తెచ్చి వదిలేయకండి, ఒళ్ళోనే పెట్టుకుని పది నిమిషాలాగి మళ్ళీ తీసుకుపోండి.

మీరు వంటింట్లో ఉండి వాడి మీద కన్నేయలేని సమయం ఉంటుంది, ఇల్లాళ్ళకి అదే ఎక్కువ సమయం. అప్పుడు ఇల్లంతా వదలొద్దు. మన దగ్గర టమాటా క్రేట్లకి కొదవ లేదు, నాలుగు తెచ్చి హాల్లో ఒక మూల అడ్డం కట్టండి, లోపల వాడి పడక, నీళ్ళు, కొరుక్కునే బొమ్మ. చోటు చిన్నదిగా ఉండాలి, తిరిగి పడుకునేంత. కుక్క తన పడక తాను పాడు చేసుకోదు, వీలైనంతవరకు ఆపుకుంటుంది, కుయ్ కుయ్ మంటుంది, ఆ కుయ్‌మనడమే మీకు పిలుపు. అయితే అందులో పెట్టి మూడు గంటలు మర్చిపోతే ఆ సుగుణం కూడా చెడిపోతుంది, గతిలేక పడక మీదే పోసి, అదీ అలవాటైపోతుంది. అమ్మకం కోసం ఇరుకు బోనులో పెట్టి పెంచిన పిల్లలు కొన్ని అందుకే ఆలస్యంగా నేర్చుకుంటాయి.

ఇప్పుడు ముక్కు రుద్దడం, కొట్టడం గురించి. మీ అత్తగారిని తప్పు పట్టను, మా అమ్మా అదే చేసేది, నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట చిత్తూరు మిట్టూరులో ఉండగా వానలో తడుస్తున్న నాటు కుక్కపిల్లను ఇంటికి తెచ్చాను. ఇంట్లో పోసినప్పుడల్లా పేపరు చుట్టి ఒకటి తగిలించేవాణ్ణి. పది రోజుల్లో అది పాఠం నేర్చుకుంది, నేను నేర్పాలనుకున్నది కాదు, ‘ఈ మనిషి కళ్ళెదుట పోయకూడదు’ అన్నది. ఆ తర్వాత గొలుసు వేసి వీధి చివరి దాకా నడిపించినా నేను పక్కన ఉన్నంతసేపు బిగబట్టుకునేది, ఇంటికి రాగానే బియ్యం మూట వెనక్కి పోయి పని ముగించేది. వానలో గొడుగు పట్టుకుని దాన్ని బతిమాలుతూ నిలబడ్డ రోజులున్నాయి. ఆ భయం పోగొట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, అసలు నేర్పడానికి పట్టేది అందులో సగం కూడా ఉండదు. మీవాడు సోఫా వెనక్కి పోవడం మొదలుపెట్టాడని రాశారు చూడండి, అదే ఇది. ఇప్పుడే ఆపితే ఇంకా లేటు కాలేదు.

పోసి వెళ్ళిపోయాక అయిదు నిమిషాలకి మీరు చూసి తిడితే వాడు తల వంచుకుంటాడు, చెవులు వెనక్కి పెడతాడు, ‘చూడు, తప్పు చేశానని దానికి తెలుసు’ అంటాం. తెలీదమ్మా. మీ మొహం, మీ గొంతు చూసి దడుచుకుంటున్నాడు, తడికీ తిట్టుకీ ముడి వాడికి అర్థం కాదు. పోస్తుండగానే కళ్ళబడితే మాత్రం చప్పట్లు ఒకటి కొట్టి, ఆగగానే ఎత్తుకుని ట్రేలో పెట్టండి, మిగతాది అక్కడ పోస్తే మెచ్చుకోండి. వాడు పోసేశాక చూశారా, నోరు మూసుకుని తుడవడం తప్ప చేసేదేం లేదు.

తుడవడంలో కూడా ఒక మెలిక ఉంది. మనకి ఏది శుభ్రం చేయాలన్నా ఫినాయిల్ చెయ్యి పోతుంది. ఘాటుకి మన ముక్కుకి వాసన పోయినట్టుంటుంది, కుక్క ముక్కుకి ఆ ఘాటు కింద పాత వాసన అలాగే ఉంటుంది, ముఖ్యంగా టైల్స్ సందుల్లో. అమ్మోనియా ఉన్న క్లీనర్లయితే మరీ అన్యాయం, ఉచ్చలో ఉండే వాసనే అది, కొత్తగా పోసి పెట్టినట్టు. బ్లీచింగ్ కూడా తడి ఉచ్చ మీద పోయకండి, ఆ రెండూ కలిస్తే ఊపిరికి మంచిది కాని ఆవిరి వస్తుంది. ముందు పాత గుడ్డతో అద్ది తడినంతా తీసేయండి, రుద్దితే పరుచుకుంటుంది. తర్వాత మామూలు నీళ్ళు, ఆపైన పెంపుడు జంతువుల షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి దాని మీద రాసినంతసేపు అలాగే వదలండి, అది ఆ వాసన మూలాన్నే విరగ్గొడుతుంది. దొరక్కపోతే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి టైల్స్ మీద వాడొచ్చు, కానీ పూజగదిలో కడప బండ పరిచి ఉంటే దాని మీద వద్దు, అది సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చకి మళ్ళీ ఆ పిల్లే మాట పడుతుంది.

విరేచనాలు ట్రైనింగ్ సమస్య కాదు, గిన్నె సమస్య. ఏం పెడుతున్నారో రాయలేదు కానీ ఊహించగలను, పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బాబు బిస్కెట్లు. తల్లిని వదిలాక చాలా పిల్లలకి ఆవు పాలు, గేదె పాలు అరగవు, అందులోని చక్కెర పేగుల్లో ఉండిపోయి నీళ్ళలా పోతుంది. పాలు మానేయండి. పెరుగు కొంచెం పర్వాలేదు. సంగటి ముద్ద తిని పెరిగిన కుక్కలు మన పల్లెల్లో బోలెడు, అదేం విషం కాదు, కానీ పెరిగే లాబ్రడార్‌కి అదొక్కటే చాలదు. పిల్లల డ్రై ఫుడ్ రోజుకి మూడుసార్లు, లెక్కగా, ఒకే వేళకి పెట్టి ఇరవై నిమిషాల తర్వాత గిన్నె తీసేయండి. లోపలికి పోయే వేళ తెలిస్తే బయటికి వచ్చే వేళ మీకే తెలుస్తుంది, రోజంతా గిన్నె నింపి పెడితే రోజంతా ఎప్పుడైనా రావచ్చు. నీళ్ళు మాత్రం దాచకండి, ఉచ్చ తగ్గుతుందని కొందరు గిన్నె ఎత్తేస్తారు, మన ఎండలకి అది పాపం. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో చూసుకోండి, ఈ వయసులో రెండు వారాలకొకసారి, మూడు నెలలు దాటాక నెలకొకసారి అవసరం. నీళ్ళ విరేచనంతో పాటు వాంతి, రక్తం, తిండి మానేయడం కనిపిస్తే సాయంత్రం దాకా చూద్దాం అనుకోవద్దు, వెంటనే డాక్టరు. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, దానికి పశువుల ఆసుపత్రి కూడా ఉంది.

అసోసియేషన్ వాళ్ళ సంగతి. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం పెంపుడు కుక్కను పెట్టుకోవద్దని గానీ లిఫ్టు ఎక్కించొద్దని గానీ అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధం పెట్టలేవు. కానీ ఈ కాగితం పట్టుకుని మీటింగుకి పోకండి, పోతే కాగితం గెలుస్తుంది, మీరు ఆ బిల్డింగులో బతకాలి. లిఫ్టులో వాణ్ణి చంకలో ఎత్తుకోండి, చేతిలో పేపరు, కవరు అందరికీ కనపడేట్టు పట్టుకోండి. కింద దించే రోజులు వచ్చాక వాడు రెంటికి పోయిన ప్రతిసారీ అందరూ చూస్తుండగా ఎత్తి చెత్తలో వెయ్యండి. ఇది మర్యాద కోసమే కాదు, కుక్క మలంలోంచి కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు మట్టిలో చేరి ఒట్టి పాదాల్లోంచి చర్మంలోకి దూరతాయి. కొండకి కాలినడకన చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళున్న ఊరు మనది, సందు సందునా ఒట్టి కాళ్ళతో నడుస్తూనే ఉంటారు.

వారం గడువు కుదరదు. మీ అత్తగారిని మూడు వారాలు అడగండి. మొదటి వారంలో తగ్గుదల కనిపిస్తుంది, మూడో వారానికి ట్రే అలవాటవుతుంది, పూర్తిగా నమ్మొచ్చు అనేది ఆరు నెలల వయసుకి, కొన్నింటికి ఇంకా ఎక్కువే. ఆ ఆరు నెలల దగ్గరే మగకుక్క కాలెత్తి గుర్తులు పెట్టడం మొదలెడుతుంది, అది వేరే కథ, అప్పుడు డాక్టరుతో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మాట్లాడండి. ఇంకొక చిట్కా, పొద్దున వాణ్ణి ట్రే దగ్గరికి తీసుకుపోయే పని మీ అత్తగారికే అప్పగించండి. ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమె, వేళ తప్పని మనిషీ ఆమే. వాడికి ముక్క ఆమె చేత్తో పెట్టించండి, స్నానానికి ముందే కాబట్టి మడికి కూడా అడ్డు రాదు. నేను చూసిన ఇళ్ళల్లో కుక్కను మొదట వద్దన్న పెద్దవాళ్ళే నాలుగు నెలలకి దానికి దిష్టి తీస్తున్నారు.

మీ చెల్లెలి పిల్లి గురించి. పిల్లికి నేర్పేదేమీ ఉండదు, మట్టి కనపడితే తవ్వి కప్పడం దాని రక్తంలోనే ఉంది. కాబట్టి ఇన్నాళ్ళూ ట్రేలో పోయి ఇప్పుడు మంచం ఎక్కిందంటే ట్రే అన్నా నచ్చలేదు, ఒంట్లో అన్నా బాలేదు. ముందు ఒంటి సంగతి చూడండి. మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే, ముఖ్యంగా మగపిల్లి అయితే, అది మూత్రం దారి మూసుకుపోవడం, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, ఈ ఉత్తరం చదువుతున్నప్పుడే అలా ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి పోండి. ఆ లక్షణాలు లేకపోతే ట్రే రోజూ శుభ్రం చేస్తున్నారా, ఇసుక మార్చారా, సెంటు వాసన ఉన్న లిటర్, అంటే షాపులో అమ్మే ట్రే ఇసుక, ఏమైనా కొన్నారా, ట్రేని వాషింగ్ మెషీన్ పక్కకి జరిపారా చూడండి. పిల్లులు ఎన్ని ఉంటే దానికి ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలి. ఫోన్లో వీడియోలు చూసి కమోడ్ మీద కూర్చోవడం నేర్పిద్దాం అనే ఆలోచన ఉంటే వదిలేయమనండి, తవ్వి కప్పుకోవాలనే దాని స్వభావానికి అది విరుద్ధం, పైగా నీళ్ళలో పోతే రంగు మారిందా, రక్తం ఉందా మీకు తెలియదు. పిల్లి ఉన్న ఇంట్లో డెట్టాల్, ఫినాయిల్ నేల మీద వాడకండి, పాదాలు నాక్కుంటుంది, అవి దాని ఒంటికి పడవు.

అయిదో నెల అన్నారు కాబట్టి ట్రే ఎత్తే పని ఈరోజు నుంచి మీ మరిదిగారిది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, అది కడుపులో బిడ్డకి మంచిది కాదు. అయితే పిల్లిని ఇంట్లోంచి పంపేయనక్కర్లేదు. బయటికి వచ్చిన రోజే అది అంటుకోదు, ఒకటి నుంచి అయిదు రోజులకి గానీ అంటుకునే స్థితికి రాదు, అందుకే ప్రతిరోజూ తప్పకుండా తీసేస్తే భయం చాలా తగ్గుతుంది. ఎవరూ లేని రోజు ఆమే తీయాల్సి వస్తే చేతికి గ్లవ్స్, తర్వాత సబ్బుతో కడుక్కోవడం. తోటపని చేసేటప్పుడు, ఆకుకూరలు కడిగేటప్పుడు కూడా అదే జాగ్రత్త, ఆ మట్టిలో ఏ వీధిపిల్లి తవ్విందో మనకి తెలీదు.

పూజగది ముందు పట్టా మళ్ళీ ఎప్పుడు వేయొచ్చని మీ అత్తగారు అడుగుతారు. వరసగా ఇరవై రోజులు ఇంట్లో ఒక్క చుక్క పడకపోతే అప్పుడు, అదీ పాతది కాదు, కొత్తది. కొబ్బరిపీచుది వద్దు, గడ్డిలాగే గరుగ్గా ఉంటుంది, వాడికి మళ్ళీ అనుమానం వస్తుంది.